ఇరవై ఎనిమిదో దెబ్బ మీద గంట

గని కాలనీ, బస్తర్ జిల్లా
6 మార్చి 1994

పద్మక్కకు దండాలు. బావకు గూడ.

నేను బాగనే ఉన్న. ఇక్కడ క్రషర్ మూడు షిఫ్టులు నడుస్తున్నది. పొద్దున లేస్తే రాళ్లు పగిలే మోత, పండుకుంటే అదే మోత. పదహారేండ్ల సంది వింటున్న మోతే గనుక కొత్తగ రాసెటందుకు ఏం లేదు. ఉత్తరాలు చిన్నగుంటయని తిట్టకు.

ఒక పని పడ్డది. నవ్వకుండ చదువు. నా దగ్గరున్న నైన్త్ మైల్ కేసెట్ ఖరాబైంది. ఆ పేరు వింటేనే నీకు తలనొప్పని ఎరుకే. అయినా మొదటి సంది చెప్త, ఎందుకంటే నువ్వు ఎన్నడూ పూర్తిగ వినలే. బషీర్‌బాగ్ కాలేజీ పోరగాళ్లు నలుగురు పెట్టిన బ్యాండు అది. ప్రోగ్రెసివ్ రాక్ అంటరు. రాకే గాని ఎగిరేది, దుంకేది కాదు, కూసోని వినేది. ఆర్గన్, గిటార్, డ్రమ్స్, మన ఫ్లూటు, ఏడు దెబ్బల తాళం. డెబ్భై ఏడు ఆగస్టు పద్నాలుగున నారాయణగూడల ఒక హాల్ల ఒకే పాటను నలభై నాలుగు నిమిషాలు వాయించిండ్రు. ఆ తర్వాత నెలకే విడిపోయిండ్రు. ఎవరో బ్యాటరీల టేప్ రికార్డర్‌ల పట్టుకున్న ఆ ఒక్క పాటే మిగిలింది. ఆ రోజు హాల్ల ఉన్నోళ్లల్ల మేం ఏడుగురం ప్రతి ఆగస్టు పద్నాలుగున ఈదయ్య టైలర్ షాపుల కూడి అది వింటం. నడుమ ఎవ్వరం మాట్లాడం. అయినంక చాయ్ తాగుతం. రాని వాని పేరు మీద గూడ ఒక కప్పు పోసి పెడుతం.

అసలు సంగతి ఆ పాట చివర్లున్నది. అన్ని వాయిద్యాలు ఒక్కసారి ఆగిపోతయి. ఏ సప్పుడుండదు. మనసుల లెక్కపెట్టుకోవాలె, ఏడు నాలుగుల ఇరవై ఎనిమిది. సరిగ్గ ఇరవై ఎనిమిదో దెబ్బ మీద చిన్న గంట ఒక్కటి మోగుతది. గంతే. ఆ గంట కోసమే నలభై నాలుగు నిమిషాలు కూసుంటం అక్కా. నా కేసెట్ల ఆ గంట పోయింది. జనవరి సంది వినబడుతలేదు. అరిగిపోయిందనుకుంట.

ఈదయ్య దగ్గరి కేసెట్ తీసుకొని కాపీ చేయించు. తొంభై నిమిషాల కేసెటే కొను, అంటే ఒక దిక్కు నలభై అయిదు. షాపాయనకు చెప్పు, మొదట్ల ఉండే తెల్ల రీలును పెన్సిల్ పెట్టి తిప్పినంకనే రికార్డింగు మొదలుపెట్టాలె. లేకుంటే చివరికొచ్చేసరికి టేపు చాలక గంట తెగిపోతది. ఇది మర్చిపోకు, నీకు పుణ్యముంటది.

నీ తమ్ముడు
ఉమాకాంత్


చిక్కడపల్లి
20 మార్చి 1994

తమ్మీ,

నవ్వకుండ చదువుమంటివి. నవ్విన. మీ బావ రాఘవేందర్ ఆఫీసునుంచి వచ్చెటాలకు గూడ నవ్వుతనే ఉన్న. నలభై దగ్గర పడ్డయి, పెండ్లి చేసుకోమంటే జవాబియ్యవు, ఉత్తరం రాస్తే గంట పోయిందని ఏడుస్తవ్. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టుమన్నట్టున్నది నీ యవ్వారం.

అయినా పోయిన. ఈదయ్య నన్ను చూసి మిషన్ ఆపి లేచి నిలబడ్డడు. "ఉమాకాంతన్న ఎట్లున్నడక్కా" అని నాలుగుసార్లు అడిగిండు. ఆ నలుగురికి బెల్‌బాటం ప్యాంట్లు కుట్టింది ఈయనేనట గదా. కొలతల బుక్కు తీసి చూపిచ్చిండు, ఇంకా దాచిపెట్టిండు. ఆ ప్యాంట్లు ఎట్ల నిలబడ్డయో చూద్దామని హాలుకు పోయిండట, పోయి ఇరుక్కున్నడు. ఇంగ్లీషు ముక్క రాదు. "పాటల మాటలు నాకు తెల్వయక్కా, తెల్వకుంటనే మంచిగుంటది" అన్నడు. కేసెట్‌ను పట్టుబట్టల చుట్టి ఇచ్చిండు. సత్యనారాయణ వ్రతం ఫోటో గూడ మనం గంత భద్రంగ పెట్టం.

షాపాయనకు పెన్సిల్ సంగతి చెప్పిన. నా దిక్కు ఎట్ల చూసిండో ఏం చెప్పాలె. కాపీ దీంతోటే పంపుతున్న.

ఇగ నా లొల్లి విను. మొన్న ఎస్టీడీ బూత్‌ల గంటసేపు లైన్ల నిలబడి మీ కాలనీ ఆఫీసుకు ఫోన్ కలిపిన. "ఆ, ఆ, సరే, సరే" అని పెట్టేసినవ్. అక్కతోటి రెండు నిమిషాలు మాట్లాడెటందుకు నోరు రాదా? నీ గొంతు వినక ఎన్ని దినాలైతుందిరా. అమ్మ సంవత్సరికం తారీకు మూడుసార్లు చెప్పిన, మూడుసార్లు సరే అన్నవ్. మళ్ల ఈ ఉత్తరంల రాయను, నాకు చేతులు నొస్తున్నయి. కొడుకువి నువ్వే, రెండు రోజులు ముందే రా. పంతులుకు చెప్పిపెట్టిన. అమ్మకు ఇష్టమని గారెలకు పప్పు గూడ తెచ్చిపెట్టిన.

పద్మ


గని కాలనీ
9 ఏప్రిల్ 1994

అక్కా,

కేసెట్ ముట్టింది. మస్తు సంబరపడ్డ. షిఫ్టు దిగి స్నానం చేసి, తలుపేసుకొని విన్న. మొదటి నుంచి చివరి దాకా అన్నీ మంచిగనే ఉన్నయి గాని, గంట లేదు.

ఆరుసార్లు చివరికి తిప్పి తిప్పి విన్న. ఇరవై ఎనిమిది లెక్కపెట్టిన, ఏం లేదు. షాపాయన తొందరపడ్డడు, లేకుంటే పాత మిషన్‌ల ఎక్కిచ్చిండు. పాత మిషన్లు సన్న సప్పుళ్లను మింగుతయి. కాపీకి కాపీ తీస్తే మొదలు పోయేది అవే, మా వాళ్లందరికి తెలిసిన సంగతే ఇది.

అశోక్‌నగర్‌ల కృష్ణచైతన్య ఉంటడు, మా ఏడుగురిల ఒకడు. లైబ్రరీ వెనక గల్లీ. వాని కేసెట్ ఈదయ్య దానికన్న ముందుది. వాని దాంట్లనుంచి తీయించు. ఈసారి నువ్వు షాపులనే కూసో, లేవకు. ఆగస్టు లోపల నాకది కావాలె. ఎందుకని అడగకు, కావాలె.

ఉమాకాంత్


చిక్కడపల్లి
17 ఏప్రిల్ 1994

ఉమాకాంత్‌కు,

ఆశీస్సులు రాయబుద్ధి అయితలేదు. రాస్తలేను.

అమ్మ సంవత్సరికం అయిదో తారీకు అయిపోయింది. పన్నెండున్నర దాకా విస్తరి ముందు పెట్టుకొని చూసినం. స్టేషన్‌కు మీ బావ రెండుసార్లు పోయి వచ్చిండు. పంతులు టైమైతుందమ్మా అంటే, ఇగ చేసేదేం లేక మీ బావతోటి పిండం పెట్టిచ్చిన. కొడుకుండంగ అల్లునితోటి పెట్టిచ్చిన. కాకి ఎంతసేపటికీ ముట్టలే. నేను గోడ పొంటి నిలబడి "అమ్మా, వాడు వస్తడు, నువ్వు తిను" అన్న. అప్పుడు ముట్టింది.

అది జరిగిన నాలుగో రోజు నువ్వు రాసినవ్, గంట లేదని! అమ్మ పేరు ఒక్క అక్షరం లేదు. నీకు చెప్పుడు చెవిటోని ముందు శంఖం ఊదినట్టే. ఫోన్‌ల చెప్పినా అంతే, ఉత్తరంల రాసినా అంతే.

కృష్ణచైతన్య కేసెట్ కాపీ మీ బావ చేయిచ్చిండు, నేను పోలే. పంపుతున్న. ఇదే ఆఖరు.

పద్మ


గని కాలనీ
2 మే 1994

అక్కా,

తప్పైంది. నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం తినలే. లీవు దొరకలేదు, అందుకే రాలేకపోయిన. మా ఆఫీసర్ మొండోడు. బావ కాళ్లకు నా బదులు దండం పెట్టు. ఫోన్ మాత్రం ఇగ చేయకు, ఇక్కడి లైను ఉత్త గరగర. ఏదున్నా ఉత్తరంల రాయి, తారీకులు గూడ రాయి.

ఈ మాట అడిగెటందుకు నాకు మొహం లేదు. రెండో కాపీల గూడ గంట లేదు.

నాకు అనుమానమొస్తున్నది. కృష్ణచైతన్య కేసెట్ గూడ మొదట్ల ఈదయ్య చేతుల మీదుగనే వాని ఇంటికి చేరింది. రెండిట్ల ఒకే చోట గంట పోయిందంటే, ఈదయ్య ఏదో చేసిండు. పోయిన ఏడు నేను పోలేదని మనసుల పెట్టుకున్నడేమో. ఈ మాట వానికి చెప్పినా ఫరక్ లేదు.

ఇగ అసలుదే చూడాలె. ఫ్లూటు వాయించిన సూర్యప్రకాశరావు గారు అశోక్‌నగర్‌ల గ్రూప్ వన్ కోచింగ్ సెంటర్‌ల జాగ్రఫీ చెప్తడని విన్న. ఆ రోజు రికార్డు చేసింది ఆయన మేనమామనేనట. అసలు కేసెట్ ఆయన దగ్గర ఉండాలె. పదిహేడేండ్లల్ల మాలో ఎవ్వరం ఆయన ముందటికి పోలే. పోయి ఏం మాట్లాడాలె? మాకు భయమైతది. నీకు ఆ భయం లేదు గదా. ఒక్కసారి పో అక్కా. ఇంకేం అడగ.

ఉమాకాంత్


చిక్కడపల్లి
18 మే 1994

తమ్మీ,

నీ గంట కథ ఇయ్యాల్టితోటి ఖతమైంది. మంచంల కూసోని చదువు, నిలబడితే పడుతవ్.

మొదలు ఈదయ్య సంగతి. నువ్వు రాసింది ఆయనకు చెప్పిన. చెప్పకుండ ఉండాల్సింది, నా నోరు ఆగుతదా. ఆయన చేతిలున్న కత్తెర కింద పెట్టిండు. "ఉమాకాంతన్న గట్లన్నడా" అని ఒక్క మాటన్నడు. తర్వాత లోపలికి పోయి, మళ్ల రాలే. కస్టమర్లు నిలబడే ఉన్నరు. పెండ్లాం మాసమ్మ బయటికొచ్చి నన్ను పొమ్మన్నది. నాకు సిగ్గుతోటి తల కొట్టేసినట్టైంది. ఎందుకురా, ఒక కేసెట్ కోసం ఇంతమందిని ఏడిపిస్తవ్?

అటెన్క అశోక్‌నగర్. కోచింగ్ సెంటర్ ముందట చెప్పులు వందలున్నయి. లోపల సూర్యప్రకాశరావు గారు గోదావరి ఎక్కడ పుట్టిందో చెప్తున్నడు. బట్టతల, సన్నగుంటడు, కోస్తా మనిషి. క్లాసైనంక నైన్త్ మైల్ అన్న. ఆయన చాక్‌పీసు చేతిలనే విరిగింది. "ఎవరు చెప్పారండీ మీకు? పిల్లలు వింటారు, మెల్లగా మాట్లాడండి" అని పక్క గదిలకు తీసుకపోయిండు.

ఏడుగురు ప్రతి ఏడు కూడి వింటరని చెప్తే నమ్మలే. గంట గురించి చెప్తే, ఇరవై ఎనిమిది లెక్క గురించి చెప్తే, కుర్చీల కూలబడి కడుపు పట్టుకొని నవ్విండు. నవ్వీ నవ్వీ కండ్లు తుడుచుకున్నడు.

"అది మాది కాదమ్మా. కరెంటు పోయింది! ఆర్గనూ గిటారూ మూగబోయాయి. డ్రమ్ము కొట్టేవాడు బిత్తరపోయి ఆపేశాడు, నేనూ ఆపేశాను. పగటిపూట ఆట, కిటికీలు తెరిచి ఉన్నాయి, కరెంటు పోయిందని మీ వాళ్లకి తెలీదు. బయట కుల్ఫీ బండివాడు గంట కొట్టాడు. అంతే, హాలు హాలంతా లేచి చప్పట్లు! ఇంకేం చేస్తాం, వంగి నమస్కారం పెట్టేశాం. ఆ పాట ఇంకా పది నిమిషాలుందండీ."

విన్నవా? కుల్ఫీ బండి! పదిహేడేండ్లు ఏడుగురు మగోళ్లు తలుపులేసుకొని కుల్ఫీ బండి గంట కోసం కూసున్నరు. కొండను తవ్వి ఎలుకను పట్టుడంటే ఇదే. నువ్వు నిజంగనే కొండలు తవ్వెటోనివి, నీకు తగ్గదే.

అసలు కేసెట్ ఇచ్చిండు మంచి మనిషి. కాపీ నేనే కూసోని చేయిచ్చిన. షాపుల నా చెవులకు పెట్టుకొని మూడుసార్లు విన్న. గంట ఉన్నది. స్పష్టంగ ఉన్నది. అనుమానమొచ్చి, ఇంకా నా దగ్గరనే ఉన్న ఈదయ్య కేసెట్ గూడ పెట్టిచ్చిన, దాంట్ల గూడ ఉన్నది. నీకెందుకు వినబడుతలేదో నాకు అర్థమైతలేదు. నీ టేప్ రికార్డర్ చెత్తల పారేయి.

పద్మ


గని కాలనీ
20 మే 1994

అక్కా,

నీ జవాబు ఇంకా రాలే. అది వచ్చే లోపలనే ఇది రాస్తున్న, వచ్చినంక రాసే ధైర్యం ఉండదు.

కేసెట్లల్ల గంట ఉన్నది. రెండిట్ల ఉన్నది. నా పాతదాంట్ల గూడ ఉన్నదేమో.

మొన్న ఆదివారం కిటికీ తెరిచి పెట్టి విన్న. పక్క క్వార్టర్ యశోదమ్మ గారు వాకిట్ల బియ్యం చెరుగుతున్నది. పాట అయిపోయినంక ఆమె నన్ను పిలిచింది. నేను పలకలేదట, దగ్గరికొచ్చి చెయ్యి ఊపింది. "ఏం పాటో గాని తమ్ముడూ, ఆఖర్ల ఆ గంట ఎంత సక్కగున్నది" అన్నది. ఏ గంట అని అడిగిన. మళ్ల తిప్పి పెట్టిన. ఇరవై ఎనిమిదికి ఆమె వేలెత్తి "ఇగో" అన్నది. నాకేం లేదు. మళ్ల పెట్టిన. ఆమె మళ్ల "ఇగో" అన్నది. అయిదోసారికి ఆమె నా మొహం చూసి బియ్యం చాట పట్టుకొని లోపలికి పోయింది.

మర్నాడు డాక్టర్ దగ్గరికి పోయిన. చెవులకు పెట్టి ఏవో కూతలు వినిపిచ్చిండు, వినబడ్డప్పుడల్ల బటన్ నొక్కుమన్నడు. చానాసేపు నొక్కేదేం లేకుండ ఊకె కూసున్న. క్రషర్ మోత పదహారేండ్లు నా చెవులను తిన్నదక్కా. సన్న సప్పుళ్లు ముందు పోతయట. గంటలు, పిట్టలు, ఆడోళ్ల గొంతులు. నీ గొంతు గూడ.

అమ్మ సంవత్సరికం తారీకు నాకు వినబడలే. మూడుసార్లు చెప్పినవ్, మూడుసార్లు గరగర వినబడ్డది. సరే అన్న. మళ్ల అడిగితే తిడతవని, ఉత్తరంల రాస్తవని చూసిన. రాయనని రాసినవ్. ఉగాది దాటినంక ఉంటదేమోనని లీవు కాగితం రాసి జేబుల పెట్టుకొని తిరిగిన. లీవు దొరకలేదన్నది అబద్ధం. అడగనే లేదు.

ఈదయ్యను అనరాని మాట అన్న. ఆయనకు చెప్పి ఉండకుంటే చెప్పకు. కాపీల తప్పనుకున్న గాని, నాలోనే తప్పున్నదని ఒక్కసారి గూడ అనుకోలే. మాకు అదొక అలవాటైపోయింది. ఏది వినబడకున్నా కాపీ మీద ఏస్తం.

ఉమాకాంత్


చిక్కడపల్లి
28 మే 1994

నా తమ్మునికి,

మన రెండు ఉత్తరాలు దారిల ఎదురెదురుగ పోయినయి. నువ్వు గది రాస్తుంటే నేను గిది రాసి డబ్బాల వేసిన. వెనకకు తెచ్చుకునేటట్టుంటే పోస్టాఫీసు మెట్ల మీద కూసుందును.

శంఖం సామెత రాసిన ఈ చేతులతోటే. చదువుతుంటే నీకు ఎట్లయిందో. నేను ఏ సామెత పడితే ఆ సామెత అనేదాన్ని, అమ్మ గూడ తిడుతుండె, నీ నోట్లకెల్లి ముండ్లు రాలుతయే అని. ఫోన్‌ల నీకు నా గొంతు గరగర వినబడ్డదని తెల్సుంటే బస్సెక్కి వచ్చి చెప్పకపోదునా? ఏడుపొస్తున్నది. అక్షరాలు చెదిరితే ఏమనుకోకు.

హైదర్‌గూడల చెవుల డాక్టర్ దగ్గరికి మీ బావ, నేను పోయినం. మనిషి లేకుండ ఏం చెప్పాలమ్మా అన్నడు, అయినా కూసోబెట్టి చెప్పిండు. లోపల నరాలు పోతే మళ్ల మొలవవట. ఆపరేషన్ లేదా అంటే లేదన్నడు. మందు? లేదు. పోనీ ఆకు పసరు? నవ్వలేదు పాపం, లేదన్నడు. అన్నిటికి లేదు లేదనే. మోతకు దూరంగుంటే ఉన్నదన్నా మిగులుతది అన్నడు. ఆ నౌకరి ఇడిసిపెట్టి రా. మా ఇంట్ల ముందు గది ఖాళీనే. బావ గూడ గట్లనే అంటున్నడు.

ఈదయ్య దగ్గరికి పోయి మొత్తం చెప్పిన. నువ్వు చెప్పొద్దన్నా చెప్పిన, ఆయనకు చెప్పకుంటే నా మనసు ఊకోలే. "అన్నను పద్నాలుగో తారీకు తప్పకుండ రమ్మనుండ్రక్కా" అని మాత్రం అన్నడు. కుల్ఫీ సంగతి ఆయనకు చెప్పలే. నోటి దాకా వచ్చింది, ఆపుకున్న. నా జిందగిల మొదటిసారి.

నీ అక్క


గని కాలనీ
12 జూన్ 1994

అక్కా,

ఏడవకు. సామెతకేముంది, సరిగ్గనే తగిలింది. చదివి నేనే నవ్విన.

నౌకరి ఇడిసిపెడితే చేసేదేముంది? నాకు క్రషర్ తప్ప ఏ పని రాదు. స్టోర్స్‌కు మార్చుమని అర్జీ పెట్టిన. దాని మీద ఎవరో ఏదో రాసి ఇంకెవరికో పంపిండ్రు, గంతే తెలుసు. అప్పటి దాకా చెవుల దూది పెట్టుకొని పోతున్న. చెవికి పెట్టే మిషన్ గూడ పెట్టి చూసిన. క్రషర్ ఇంకా పెద్దగైతది, గంట మాత్రం రాదు.

ఇగ కుల్ఫీ బండి. నువ్వనుకున్నట్టు నేను పడిపోలే. గంట ఎవరు కొడితేంది, ఇరవై ఎనిమిదో దెబ్బ మీద కొట్టిండా లేదా? కొట్టిండు. మాకు గదే కావాలె. నేను పడిపోయింది ఇంకోదానికి. ఆ పాట ఇంకా పది నిమిషాలున్నదా? పది నిమిషాలు! పదిహేడేండ్లు మేం సగంల లేచి చప్పట్లు కొట్టినం. ఆ పది నిమిషాలల్ల ఏముండె? ఏ వాయిద్యంతోటి మొదలైతది? సూర్యప్రకాశరావు గారిని అడిగి రాయి. ఇప్పుడు నాకు చెవులు లేకున్నా ఫరక్ లేదు, రాసి పంపితే చదువుకుంట.

కరెంటు సంగతి మా వాళ్లెవరికీ చెప్పకు. నాకు తెలిసింది చాలు.

పద్నాలుగున వస్తున్న. నా పక్కన కూసో. గంట మోగంగనే నా చెయ్యి నొక్కు. అదొక్కటి చేయి.

ఉమాకాంత్


చిక్కడపల్లి
3 జులై 1994

తమ్మీ,

పోయి అడిగిన. సూర్యప్రకాశరావు గారు చానాసేపు సీలింగు దిక్కు చూసిండు. వేళ్లు బల్ల మీద ఏవో కదిలిచ్చిండు, ఫ్లూటు పట్టుకున్నట్టు. ఆగిండు. "గుర్తు లేదమ్మా, ఒక్క ముక్క కూడా రావడం లేదు. మిగతా వాళ్లలో ఒకడు పోయాడు, ఇద్దరు ఎక్కడున్నారో తెలీదు" అన్నడు. ఈసారి నవ్వలే. పద్నాలుగున రమ్మని పిలిచిన. క్లాసుందన్నడు.

నేను ఏం చేయాల్నో నాకు తెలుస్తలేదు. నువ్వు రా. నీకు ఇష్టమైన పచ్చిపులుసు చేస్త.

పద్మక్క


గని కాలనీ
21 ఆగస్టు 1994

అక్కా,

క్షేమంగ చేరిన. నువ్వు కట్టిచ్చిన సకినాలు యశోదమ్మ గారికి గూడ ఇచ్చిన.

ఈదయ్య నన్ను చూసి ఏం చేసిండో చూసినవ్ గదా? స్టూలు తెచ్చి స్పీకర్ పక్కన్నే వేసి, నా ఎడమ అరచెయ్యి తీసి దాని మీద పెట్టిండు. డ్రమ్ము మొదలైతే ఎముకల దాకా తెలిసింది. పాట సగం చెవిల పడ్డది, సగం యాదితోటి నింపుకున్న. ఏది ఎక్కడ ఆగిందో ఏది ఎక్కడ మొదలైందో నాకే తెల్వలే. ఫ్లూటు వచ్చే చోట కృష్ణచైతన్య తల ఊపుతడు, వాని తల చూసి ఫ్లూటు విన్న.

చివర్ల నా చెయ్యి కింద స్పీకర్ సల్లబడ్డది. అన్నీ ఆగినయి. లెక్కపెట్టిన. ఇరవై ఎనిమిదికి ఏం లేదు. ముప్పైకి నువ్వు నా కుడి చెయ్యి నొక్కినవ్.

రెండు దెబ్బలు లేటు అక్కా. ఏమనుకోకు, కొత్తదానివి. మేం గూడ మొదట్ల ముందూ వెనకా అయ్యేటోళ్లం. వచ్చే ఏడు ఇంకొంచెం తొందరగ నొక్కు.

ఎదురుగ ఉన్న నా చేతికి చాయ్ ఇచ్చి, రానోని తీరు నా పేరు మీద ఇంకో కప్పు ఎందుకు పోసిండో ఈదయ్య చెప్పలే. నేనూ అడగలే.

ఉమాకాంత్


చిక్కడపల్లి
30 ఆగస్టు 1994

తమ్మీ,

ఒక మాట చెప్పకుంటే నాకు అన్నం సయిస్తలేదు. తిట్టినా సరే.

గంట నేను వినలే.

షాపుల మూడుసార్లు విన్న నేనే ఆ రోజు వినలే. అన్నీ ఆగినంక నేను నీ మొహమే చూస్తున్న. నువ్వు పెదవులతోటి లెక్కపెడుతున్నవ్, సప్పుడు లేకుండ. ఒకటో తరగతిల ఎక్కాలు చెప్పుకునేటప్పుడు గూడ గట్లనే పెట్టేటోనివి పెదవులు. ఇరవై అయిదు, ఇరవై ఆరు, నేను గూడ నీ పెదవుల్ని పట్టుకొని లెక్కపెడుతున్న. ఇరవై ఎనిమిది దగ్గర నీ పెదవులు ఆగినయి. ఆగి, నువ్వు నవ్వినవ్. నీకు తెలుసో తెల్వదో, నవ్వినవ్. నేను ఆ నవ్వును చూసుకుంట ఉండిపోయిన. నొక్కుడు యాదికే లేదు. ఈదయ్య కండ్లు తెరిచి ముక్కు తుడుచుకుంటే, అయ్యో అయిపోయినట్టుంది అని అప్పుడు నొక్కిన.

ఒక్క పని అడిగినవ్. అది గూడ చేతకాలే నాకు. వచ్చే ఏడు కండ్లు మూసుకొని కూసుంట, నీ దిక్కు చూడ. చూస్తే మళ్ల గట్లనే అయితది.

పద్మక్క